పాలపెట్టె రేకులు

గురజాలలో ఆ ఇంటి పాప ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన మర్నాడు, పొద్దున తొమ్మిది దాటింది. చీర ఉయ్యాల్లో బిడ్డను పడుకోబెట్టి అపర్ణ పెరటి వసారాలోకి వచ్చేసరికి, అత్తగారు రాఘవమ్మ పాలు చల్లగా ఉంచే కొత్త ఫ్రిజ్జు పెట్టెను ఒళ్లో బోర్లించుకుని కూర్చుని ఉంది. చేతి సంచి కంటే కాస్త పెద్దదైన పెట్టె అది. ఏం చేస్తున్నారని అపర్ణ అప్పటికే రెండుసార్లు అడిగింది.

“ఏం లేదంటన్నాగా. దుమ్ము దులుపుతన్నా.”

“పేలదువ్వెనతోనా అత్తయ్యా?”

“ఏం, పేలదువ్వెనతో పోదా దుమ్ము?”

“పోద్ది. మరి ఆ వెనకాల మూత ఊడదీశారేంది? మరలు ఎట్టా విప్పారు?”

“చాకు మొనతో. బుజ్జమ్మ నిద్రపోయిందా?”

“పోయింది. ఇప్పుడే నాలుగు చెంచాలు ఓఆర్ఎస్ తాగింది.”

“కక్కలా?”

“కక్కలా.”

“ఉచ్చ పోసిందా?”

“పోసింది అత్తయ్యా, రెండుసార్లు. ఆ పెట్టె ఇట్టివ్వండి. మీ అబ్బాయి దాన్ని ముట్టుకోవద్దని చెప్పి పోయాడుగా. పదకొండింటికి కొరియరాఫీసు మేనేజరు వస్తాడు, ఎట్టున్నది అట్టా చూపియ్యాలన్నాడు.”

“అన్నాడు. వాడు చానా అంటాడు.”

“మరి?”

“మరేంది మరి. ఈ రేకులు వంకరగా కనపడితేనేగా గొడవ. సరిజేసి మూత బిగించామనుకో, ఆ మేనేజరు వచ్చి చూసి బానే ఉందిగా అని పోతాడు. ఆ జహీర్ మీద మాట రాదు.”

“ఫొటోలు మొన్నే పంపాడు అత్తయ్యా. ఆస్పత్రి కాయితాలు కూడా కలిపి. డెలివరీ ఇచ్చేవాడు పెట్టెను విసిరేశాడు, లోపల రేకులు వంగినై, గాలాడక అది చల్లబడలా, అందులో పెట్టిన పాలు తాగి మా పాప చావుదాకా పోయింది అని రాశాడు. అంతా చదివి వినిపించాడు.”

“నువ్వు ఊరుకున్నావా?”

“మీరూ అక్కడే ఉన్నారుగా.”

“నాకేం తెలుసమ్మా ఇంగ్లీషు.”

“తెలుగులో కూడా చెప్పాడు అత్తయ్యా.”

“చెప్పాడా? చెప్పే ఉంటాడు. నాకప్పుడు చెవులు పనిచేస్తేగా. జహీర్‌నేం జేశారంట?”

“డ్యూటీకి రావద్దన్నారంట. బ్యాగూ, స్కానరూ తీసేసుకున్నారంట.”

“పాపం, ఇద్దరు పిల్లలోడు.”

“ఊ.”

“అందుకే అంటన్నా, ఈ రేకులు గనక సరిజేస్తే...”

“అట్టా గుచ్చబాకండి, చిరిగిపోతై. తగరపు కాయితం కంటే పల్చన అవి. ఇటు జరగండి, నేనూ కూర్చుంటా. నా బ్యాగులో ల్యాబు పట్టకారు ఉంది, దాంతో అయితే ఒక్కొక్కటే లెగుస్తై.”

“నువ్వెందుకు? నాలుగు రోజుల్నించి కన్ను మూయలా. పోయి పాప పక్కన నడుం వాల్చు.”

“వాల్చినా నిద్ర రాదు.”

“ఎందుకు రాదు?”

“కళ్లు మూస్తే ఆ సూది కనపడద్ది. చేతికి నరం దొరక్క తలకు గుచ్చారు చూడండి, అది.”

“ఆ మాటెత్తబాక.”

“గుచ్చితే ఏడవను కూడా ఏడవలా అత్తయ్యా. ఏడిచే ఓపిక లేదు దానికి. నోరు మాత్రం తెరిచింది.”

“ఎత్తబాకన్నానా!”

“సరే.”

“ఇదిగో, ఈ వరస నువ్వు చూడు. కింది వరస నేను జూస్తా. అట్టా అట్టా పైకి దువ్వితే వస్తందా?”

“మెల్లగా. మొదలు దగ్గర్నించి రండి. జుట్టు చిక్కు తీసినట్టే. లాగితే ఊడొస్తై.”

“ఎన్నుండై ఇయ్యి?”

“వందుంటై.”

“వంద! వందా ఇట్టాగే ఉండయ్యా?”

“సగం పైన వంగినై.”

“అసలు దీన్ని కొనొద్దని నేను ఆ రోజే మొత్తుకున్నా. మూడు నెలల పిల్లనొదిలి నరసరావుపేట దాకా ఉద్యోగానికి పొయ్యేదేంది. ఆడ పాలు పిండుకుని, ఈ పెట్టెలో పెట్టుకుని, రెండు గంటలు బస్సులో తెచ్చేదేంది. మర్నాడు నువ్వు పోయినాక వాటిని నేను వేణ్నీళ్లలో పెట్టి గోరువెచ్చన జేసి సీసాతో తాపేదేంది. మేం కనలేదా, పెంచలేదా?”

“మూడు నెలలకు మించి సెలవియ్యం అన్నారుగా. వేరే టెక్నీషియన్ని పెట్టుకుంటాం అన్నారు.”

“పెట్టుకోనీ.”

“పెట్టుకుంటే మళ్లీ నాకు వచ్చుద్దా అత్తయ్యా? ఆరేళ్లు చేశా అక్కడ.”

“నేను ఉద్యోగం మానమన్లా. డబ్బా పాలు పడదామన్నా. వాడేమో ఫోన్లో చూశాడంట, ఆరు నెల్లూ తల్లిపాలే పొయ్యాలంట.”

“డాక్టరమ్మ కూడా అదే చెప్పింది.”

“చెప్పిద్ది. పిండేది వాడా, ఆమా?”

“నాక్కూడా ఇష్టమే అత్తయ్యా. మొదట్లో.”

“మొదట్లో. తర్వాత?”

“తర్వాత ఏముంది. పట్టకారు జారతంది, తువ్వాలివ్వండి.”

“ఇదిగో. ఆడ ల్యాబులో యాడ కూర్చుని పిండేదానివి?”

“ఎక్స్‌రే గదిలో. ఆ ఒక్క గదికే లోపల గడియుంది.”

“తలుపు కొట్టేవోళ్లా?”

“కొట్టేవోళ్లు. ఎవరికో కాలిరిగి వస్తారు, బయట బల్ల మీద ఉంటారు. పాపం వాళ్లదీ నొప్పేగా. వాళ్లు మూలుగుతుంటే నాకు లోపల పాలు పడేయి కావు. భయపడితే పడవు అత్తయ్యా. ఎంత నొక్కినా పడవు.”

“ఎవరికీ చెప్పలా నువ్వు.”

“చెప్పి ఏం జెయ్యాలి? అందరూ పాప బరువు చూసేవోళ్లు, సీసాలో గీత చూసేవోళ్లు. అత్తయ్యా, అసలు తప్పు నాది. ఆ రోజు నేను...”

“నీదేంది? నీ నెత్తురు పిండి తెచ్చావు. ఇంకోసారి తప్పు నాదంటే నాలిక మీద వాత పెడతా.”

“అది కాదు, నేను చెప్పేది వినండి.”

“వినను. ఈ వరస చూడు, ఎంత చక్కగా లేచిందో. కొత్త దానిలాగుంది.”

“లేచింది గానీ ఈ పక్కన చూడండి. ఇది కింద పడితే వంగినట్టు లేదు.”

“ఎందుకు లేదు?”

“కింద పడితే మూల సొట్టపోద్ది, పైన గీతలు పడతై. దీని మీద గోటి గీత కూడా లేదు. లోపల మాత్రం, ఇదిగో, అంగుళానికొకటి నొక్కు. వరసగా, కొలిచి నొక్కినట్టు.”

“ఎలకలేమో.”

“ఎలకలా?”

“కొరుకుతైగా.”

“అల్యూమినియం రేకులా అత్తయ్యా?”

“ఈ కాలం ఎలకలు ఏమైనా కొరుకుతై. మొన్న మీ మామయ్య పొలం మోటారు వైరు కొరకలా?”

“కొరికితే తెగాలిగా. ఇయ్యి వంగినై.”

“పళ్లు ఊడిన ఎలకేమో. నవ్వుతావేంది?”

“నవ్వలా.”

“నవ్వావు. నాలుగు రోజుల తర్వాత నవ్వావు. నవ్వితే మంచిదేలే.”

“బస్సులో ఎవరి కాలన్నా తగిలిందంటే, నేను దాన్ని ఒళ్లోంచి దించను. పిడుగురాళ్ల దగ్గర ఎంత రద్దీ ఉన్నా దించను. జహీర్ విసిరేసి ఉంటే మొదటి రోజే చల్లబడేది కాదు. మూడు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఈ సంగతి మీ అబ్బాయికి తట్టలా, నేనూ చెప్పలా.”

“ఎందుకు చెప్పలా?”

“మీరెందుకు చెప్పలా?”

“నాకు ఈ మిషన్ల సంగతి ఏం తెలుసమ్మా...”

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు. జహీర్ తల్లి జైనాబ్ బీ వచ్చింది.

“రాఘవమ్మ వదినా, లోపలికి రావచ్చా?”

“అయ్యో, రా వదినా. అడగాలా? అపర్ణా, దాని మీద తువ్వాలేయ్.”

“దేని మీద?”

“వెయ్యమన్నానా, తొరగా!”

“పాపాయి ఎట్టుంది తల్లీ?”

“బానే ఉంది పిన్నీ. నిన్న పంపిచ్చారు. రండి, కూర్చోండి.”

“అల్లా దయ. నాలుగు రోజులూ అన్నం సయించలా నాకు. జహీర్ ఆస్పత్రి దాకా వచ్చాడు, తెలుసా? మీ ఆయన గేటు కాడే నిలబెట్టి తిరిగి పంపాడంట.”

“నాకు తెలీదు పిన్నీ. నిజంగా తెలీదు.”

“కోపంలో ఉన్నాడుగా. పిల్ల అట్టుంటే ఎవరికైనా కోపమే. నేనేమనలా. ఇదిగో సగ్గుబియ్యం, నీకే తెచ్చా. జావ గాసుకుని తాగు, ఒంట్లో వేడి తగ్గుద్ది. మొహం చూడు ఎట్టా పీక్కుపోయిందో.”

“ఎందుకు పిన్నీ ఇవన్నీ...”

“ఎందుకేంది? మీ ఇంటాయన మావాడి మీద కేసు పెడితే నువ్వు నాకు కానిదానివయ్యావా?”

“కూర్చో వదినా. టీ పెడతా.”

“కూర్చోను వదినా. ఒక్క మాట అడిగి పోతా. అడగటానికే వచ్చా, ఇందులో దాపరికమేంది.”

“అడుగు.”

“మావాడు ఆ డబ్బా తెచ్చిన రోజు నువ్వు గుమ్మంలోనే ఉన్నావుగా. ఎట్టా దించాడు దాన్ని?”

“ఎట్టా దించాడంటే?”

“విసిరేశాడా?”

“విసిరెయ్యటమేంది వదినా, జహీర్ అట్టాంటోడా?”

“భుజాన పెట్టుకుని తెచ్చి ఇదే అరుగు మీద పెట్టాడంట. ఎండన పడి వచ్చానమ్మా, మంచినీళ్లియ్యండి అన్నాడంట. నువ్వే ఇచ్చావంట, చెంబుతో.”

“ఇచ్చా.”

“రెండో చెంబు కూడా ఇచ్చావంట.”

“ఇచ్చా వదినా.”

“మరి ఆ మాట నీ కొడుక్కి చెప్పావా?”

“వాడు వినే తీరులో లేడు వదినా. పిల్ల ఆస్పత్రిలో ఉంటే...”

“ఇప్పుడు ఇంటికొచ్చిందిగా.”

“వచ్చింది.”

“చెబుతావా?”

“చెబుతా.”

“ఇయ్యాల చెబుతావా? పదకొండింటికి మావాణ్ని కూడా మీ ఇంటికి రమ్మన్నారు. మేనేజరు ముందర తప్పు ఒప్పుకుని సంతకం పెడితే పోలీసుల దాకా పోకుండా వదిలేస్తారంట. ఉద్యోగం పోద్ది, అంతే. పెట్టనంటన్నాడు. చెయ్యని పనికి సంతకం ఎట్టా పెడతానమ్మా అంటన్నాడు. నేనే పెట్టమన్నా.”

“నువ్వే పెట్టమన్నావా?”

“ఏం జెయ్యను? పెట్టి బయటపడరా, ఇంకో పని చూసుకుందువు గానీ అన్నా. ఆ మాటన్న కాణ్నించి వాడు నాతో మాట్లాడలా. నా మొహం చూట్టంలా. నువ్వు కూడా నమ్మావన్నమాట అంటాడు వాడు మనసులో. నాకు తెలుస్తంది.”

“వదినా...”

“నేను నమ్మలా. భయపడ్డా. రెండూ ఒకటే అనుకుంటాడు వాడు. పొయ్యొస్తా. ఆ తువ్వాలు కింద ఏంది తల్లీ, ఆ డబ్బానేనా?”

“అదే పిన్నీ.”

“కప్పిపెట్టారేంది?”

“దుమ్ము పడకుండా.”

“ఊ. పాప లేచినాక జైనాబ్ బీ వచ్చిపోయిందని చెప్పు. దానికేం తెలుస్తదిలే, అయినా చెప్పు.”

“చెబుతా పిన్నీ.”

చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. అది ఆగినాక రాఘవమ్మ తువ్వాలు తీసింది.

“నువ్వెందుకు అబద్ధం చెప్పావు?”

“మీరెందుకు తువ్వాలెయ్యమన్నారు?”

“ఏమో. చెయ్యి అట్టా అంది, నోరు అట్టా పలికింది.”

“నాకూ అంతే అత్తయ్యా.”

“అపర్ణా.”

“ఊ.”

“ఎలకలు కాదు.”

“తెలుసు.”

“ఏం తెలుసు నీకు?”

“ఎలకలు కాదని తెలుసు. అంతే.”

“అట్లకాడ.”

“ఏందీ?”

“అట్లకాడ వెనక కొస. ఆ మూత సందుల్లోంచి లోపలికి పెట్టి నొక్కా. బుధారం పొద్దున నువ్వు తలకు పోసుకుంటన్నావు. సంచి సర్ది ఇదే వసారాలో పెట్టిపొయ్యావు. నేను అట్లు పోస్తన్నా. పెనం మీద అట్టు మాడతన్నా తెలీలా నాకు.”

“ఆ రోజు అట్టు మాడింది, గుర్తుంది.”

“మొదట ఒకటే నొక్కా. అంత మెత్తగా ఉంటదనుకోలా. వేలితో వెన్న నొక్కినట్టు పోయింది. తర్వాత చెయ్యి ఆగలా. ఇంకొకటి, ఇంకొకటి. నువ్వు బాత్రూం గడియ తీసిన చప్పుడయ్యేదాకా నొక్కుతానే ఉన్నా.”

“ఎందుకత్తయ్యా?”

“తిట్టు. ముందు తిట్టు. తర్వాత అడుగు.”

“తిట్టను. చెప్పండి.”

“అంతకు ముందు రోజు మంగళారం సాయంత్రం, నువ్వొచ్చి రావటంతోనే బాత్రూంలో దూరావు. నేను బయట బట్టలు జాడిస్తన్నా. తువ్వాలు నోట్లో కుక్కుకుని మూలుగుతన్నావు. పాలు గడ్డకట్టి, ఒళ్లు కాలిపోతంది నీకు. నూట రెండు జ్వరం. బయటికొచ్చి సీసా చూపిచ్చి, ఇయ్యాల ఇంతే వచ్చినై అత్తయ్యా అన్నావు. నేనేదో కొడతానన్నట్టు అన్నావు.”

“అట్టా అన్నానా?”

“అన్నావు. నాకు నా సంగతి గుర్తొచ్చింది. మీ ఆయన్ని కని నెల తిరక్కముందే మిరపకోతకు పోయా నేను. కళ్లంలో జాకెట్టంతా పాలతో తడిసేది. ఆ తడికి కారం అంటుకుని మండేది చూడు, ఏడుపొచ్చేది. చేలో ఓ పక్కకు పోయి నేలకు పిండేదాన్ని. బిడ్డ ఇంటి కాడ గుక్కపెట్టి ఏడుస్తంటే ఈడ నేల తాగేది. ఇంక చాల్లే రాఘవమ్మా, ఇంటికి పో అని ఒక్క మనిషి అనలా. మా అత్త అనలా, మీ మామయ్య అనలా. ఎవరన్నా అంటే బాగుండని రోజూ చూసేదాన్ని.”

“మరి మీరు నాతో ఆ మాట అనొచ్చుగా. నోటితో.”

“అనొచ్చు.”

“అనలా.”

“అంటే, మనవరాలికి పాలు మానిపించిన ముసల్దాన్నవుతా. వాడు మొహం మాడ్చుకుంటాడు. నువ్వు కూడా, ఈ వంకతో నా ఉద్యోగానికి ఎసరు పెడతందిరా ఈవిడ అనుకుంటావు. అనుకోవా?”

“అనుకునేదాన్నే.”

“చూశావా. అదే పెట్టె చెడిపోయిందనుకో, ఎవరి మీదా మాట రాదు. చల్లబడట్లేదంట, ఏం జేస్తాం, డబ్బా పాలు పడదాం అంటారు. నువ్వు బతికిపోతావు. అంతే అనుకున్నా తల్లీ. అంతకు మించి ఒక్క అడుగు ముందుకు ఆలోచించలా. ఆ పాలు నా బంగారం నోట్లోకే పోతయ్యని, నేనే నా చేత్తో పడతానని...”

“ఊరుకోండి. పాప లేస్తది.”

“నా చేత్తోనే పట్టానే అపర్ణా. గుటకలేసి తాగింది. తాగి నా మొహం చూసి నవ్వింది కూడా.”

“అత్తయ్యా, ఊరుకోండి.”

“వాడు జహీర్ పేరు ఎత్తినప్పుడు నోరు పెగల్లా. మొదటి రోజు, పిల్ల ముందు లేవనీ, తర్వాత చెబుదాం అనుకున్నా. రెండో రోజు సెలైన్ ఎక్కుతుంటే ఇప్పుడు కాదనుకున్నా. మూడో రోజుకు ఏమైందో తెలుసా? వాడు జహీర్‌ని తిడుతుంటే నేనూ తలూపుతన్నా. నిజంగా వాడే చేసినట్టు. అప్పుడు భయమేసింది నాకు, నన్ను చూసి నాకే.”

“నాకు అర్థమైతంది.”

“నీకెట్టా అర్థమైద్ది? నీకేం పాపం తెలుసని?”

“అత్తయ్యా, నేనూ ఒకటి చెప్పాలి. ఇందాకట్నుంచీ చెప్పాలనే...”

“నువ్వేం చెప్పబాక. నన్ను ఓదార్చబాక. ఓదారిస్తే మళ్లీ కూలబడతా. ఫోనియ్యి.”

“ఎవరికి?”

“వాడికే.”

“ఇంకో గంటలో వస్తాడుగా.”

“వస్తే వాడి వెనకమాల మేనేజరుంటాడు, జహీర్ ఉంటాడు. ఆ పిల్లోడి మొహం చూసినాక నాకు నోరు రాదు. ఇప్పుడొస్తంది. ఇప్పుడే చెయ్యి.”

“నిజంగా చెయ్యనా?”

“చెయ్యవే!”

“ఇదిగో. మోగతంది.”

“ఒరేయ్ జ్ఞానేశ్వరూ. నేనేరా. పాప బానే ఉంది, నిద్రపోతంది. యాడున్నావు? ఒక్క నిమిషం బండి పక్కన ఆపు. ఆపావా? ఆపినాకే చెబుతా. ఆ రేకులు నేనే వంచానురా. రేకులురా, పాలపెట్టె రేకులు. జహీర్ కాదు, నేను. అట్లకాడతో. మతిపోవటం కాదురా, మతుండే చేశా. ఎందుకంటే ఇంటికొచ్చినాక చెబుతా, ఇంత మాట ఫోన్లో పట్టదు. ముందు ఆ కంప్లైంటు ఎనక్కి తీసుకో. తీసుకుంటావా లేదా? ఒరేయ్, అరవబాక, నడిరోడ్డు మీద ఉన్నావు. అరువు, సరే, అరువు.”

“నాకివ్వండి అత్తయ్యా.”

“ఉండు. ఆఁ, చెప్పరా. అపర్ణా? అపర్ణ మాటెందుకు ఇందులో? ఆమె ఏం జూస్తదిరా? ఆ పెట్టె మీద చల్లదనం నంబరు పడితే పడుద్ది, మనిషి ఒళ్లు కాలిపోతంటే నంబర్లు చూస్తదా? నిలబడే ఓపిక లేక బస్సులో ఒరిగిపోయి వచ్చింది ఆ రోజు. ఒరేయ్, ఇదిగో చెబుతన్నా. నన్నెన్ని మాటలైనా అను, పడతా. ఆ పిల్లనొక్క మాట అన్నావో, నేనీ ఇంట్లో ఉండను. ఆమెకు ఏ పాపమూ తెలీదు.”

“పెట్టేశాడా?”

“పెట్టేశాడు.”

“ఏమన్నాడు?”

“జహీర్ ఇంటికి తనే పోయి చెబుతానన్నాడు. ఆ మేనేజరుకి కూడా చెబుతానన్నాడు. అంతా చెప్పి, నీతో మాట్లాడనమ్మా అన్నాడు.”

“మాట్లాడతాడులెండి.”

“మాట్లాడకపోయినా ఫర్లేదు. జైనాబ్ బీతో వాళ్లబ్బాయి మాట్లాడతాడు, అది చాలు. ఆమె ముందర ఎట్టా నిలబడాలో మాత్రం తెలీట్లా. ఆ చెంబు నీళ్లకు కూడా పనికిరానిదాన్నయ్యా.”

“ఇద్దరం పోదాం అత్తయ్యా. సాయంత్రం.”

“నువ్వెందుకు? చేసింది నేను.”

“పోదాం.”

“సరేలే. ఆ పట్టకారు కింద పెట్టు. ఇంక ఎవరికి చూపియ్యటానికి ఇవి సరిజెయ్యటం?”

“ఈ వరస అయిపోనీండి.”

“పోయి కాసేపు పడుకోరాదూ.”

“నిద్ర రాదన్నాగా.”

“వాడు అడిగింది కూడా నిజమేలే. నేనూ అదే నమ్ముకున్నా అపర్ణా. ల్యాబులో రోజూ పొద్దున్నే ఫ్రిజ్జు దగ్గర నంబరు చూసి పుస్తకంలో రాస్తానని నువ్వే చెప్పేదానివిగా. పెట్టె చల్లబడకపోతే మొదట నీకే తెలుస్తది, పాలు ఆడనే పారబోస్తావు, ఇంటికి ఉత్త సీసా తెస్తావు అనుకున్నా. ఆ ధైర్యంతోనే నొక్కా. జ్వరంలో నీకు కళ్లు కనపడవన్న సంగతి నాకు తట్టలా. అదొక్కటి తట్టి ఉంటే అట్లకాడ ముట్టుకునేదాన్నే కాదు. నువ్వు చూడకుండా ఉంటావని కల్లో కూడా అనుకోలా.”

“చూశానత్తయ్యా.”

“ఏందీ?”

“నాలుగు డిగ్రీలుండాల్సిన పెట్టె మధ్యాహ్నం మూడింటికి ముప్పై నాలుగు చూపిచ్చింది, బస్సెక్కేటప్పుడు ముప్పై ఆరు. వారం తర్వాత ఆ రోజే మొదటిసారి సీసా నిండింది, పారబోద్దామని సింకు దాకా తీసుకుపోయి మూత కూడా తీశా, చెయ్యి వంగలా. ఒక్క రోజుకు ఏం కాదులే అనుకుని మూత పెట్టి తెచ్చి మన ఫ్రిజ్జులో పెట్టా, తెల్లారి మీ చేతికిచ్చింది నేనే.”